వచ్చాక తీస్తానన్న పాడ్

వంటగది కిటికీ పక్కన, గట్టు మీద ఉండేది ఆ కాఫీ మిషన్. కాఫీ పొడి నింపిన చిన్న డిబ్బీ, అదే పాడ్, లోపల పెట్టి, మీట దించి, బటన్ నొక్కితే ఒక్క కప్పు కాఫీ వచ్చే రకం. రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్ దాన్ని ముచ్చటపడి కొన్నాడు. కొన్నది మొదలు తల్లినీ భార్యనీ దాని జోలికి రానిస్తే ఒట్టు. పొద్దున్నే మధ్యవేలితో దాని నెత్తిన రెండుసార్లు కొట్టి, “లేవరా నాయనా” అని నిద్రలేపి మరీ బటన్ నొక్కేవాడు.

లోపల సున్నం పట్టిందని నారింజ దీపం వెలిగితే ఇక ఆ రోజు పండగే. ట్యాంకులో సున్నం కరిగించే పొడి కలిపి పోనిచ్చేవాడు. తర్వాత మంచినీళ్ళతో కడిగి, చివరి కప్పు నీళ్ళు తనే చప్పరించి చూసి, “పాసయింది” అని ప్రకటించేవాడు. అంత శుభ్రం మనిషికీ ఒక దురలవాటు ఉండేది. తాగేసిన పాడ్‌ని పొద్దున తీసేవాడు కాదు. సాయంత్రం ఇంటికి వచ్చాక, చేతులైనా కడుక్కోకుండా దాన్ని తీసి, నీళ్ళు ఓడ్చడానికి సింకు అంచున బోర్లించేవాడు. ఆ నల్లటి మరకలు రుద్దలేక భార్యకి ప్రాణం విసిగేది.

ఆఖరిసారి వెళ్ళిన పొద్దున కూడా పాడ్ తీసేసి వెళ్ళమని ఆమె సణిగింది. “ఉండనీ, వచ్చాక నేనే తీస్తాగా,” అంటూ చెప్పులు వేసుకున్నాడు.

ఆ రోజు బాగుచేసిన పడవని నడిపి చూడటానికి సముద్రం మీదికి తీసుకెళ్ళారు. గాలి తిరిగి పడవ బోల్తా పడింది. తోటివాళ్ళందరూ దొరికారు. మెకానిక్ దొరకలేదు.

ఇక ఆశ పెట్టుకోవద్దని రేవు ఆఫీసువాళ్ళు చెప్పి వెళ్ళారు. భార్య మాత్రం పెట్టుకుంది. మనిషి కనిపించలేదంటే ఎక్కడో ఒకచోట ఉన్నట్టేగా అని తనకు తనే వాదించుకుంది. ఎండలు పోయి వానలు వచ్చాయి. ఆయన వెళ్ళిన పొద్దున మిషన్ మీద వెలిగిన నారింజ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దాని చుట్టూ తుడవడమే తప్ప ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆయన వచ్చి తీయాల్సిన పాడ్ లోపలే ఉంది మరి.

ఒక వాన మధ్యాహ్నం అత్తగారే కదిపింది.

“ఆ దీపం చూడలేకపోతున్నానమ్మాయ్. రేపు వాడొస్తే ఈ కంపు మిషన్‌లోనే కాఫీ ఇస్తావా?”

ఆ మాట తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కోడలు లేచి, డబ్బాలో మిగిలిన పొడి పొట్లం వెతికి తెచ్చింది.

ముందు పాడ్ తీయాలి. మీట మీద చెయ్యి వేసింది గానీ ఎత్తలేకపోయింది. పాడ్ ఉండగా సున్నం తీసే తెలివితక్కువ పని చూస్తే ఆయన ఇల్లు ఎగిరిపోయేలా తిట్టేవాడు. ఆ తిట్లు వినాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. పాడ్‌ని అలాగే ఉంచి, ట్యాంకులో పొడి కలిపి, బటన్ నొక్కింది.

మిషన్ మూలిగింది. ముందు కాఫీ రంగు నీళ్ళు, వాటి వెనక తెల్లటి సున్నం పెచ్చులు వచ్చాయి. గదంతా పుల్లటి వాసన. ట్యాంకు ఖాళీ అయ్యాక కుళాయి నీళ్ళు నింపి, కడగడానికి మళ్ళీ బటన్ నొక్కింది. బయట మబ్బు ముసురుకుని వంటగది బాగా చీకటిపడింది. అత్తగారు గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

ఒక కప్పు పారబోసింది. రెండో కప్పు నిండుతుండగా పులుపు వాసన పోయి, ఇంకేదో వాసన తగిలింది. డీజిల్, తడిసిన తాడు, సముద్రపు నాచు. సాయంత్రాలు ఆయన చొక్కా విప్పి పడేస్తే వచ్చే వాసన. ఆమె వచ్చేశాడనుకుని వీధి తలుపు వైపు ఆశగా చూసింది.

తలుపు వేసే ఉంది.

కప్పు నిండి పొర్లింది. ఇంకో కప్పు పెట్టింది... అదీ నిండింది. ట్యాంకులో నీళ్ళు మాత్రం పోసిన గీత దగ్గరే ఉన్నాయి. బటన్ నొక్కింది. ఆగలేదు. ప్లగ్గు పీకేసింది. దీపం వెలుగుతూనే ఉంది... నీళ్ళు వస్తూనే ఉన్నాయి. వాటికి ఆవిరి లేదు. కప్పు అడుగున నల్లటి ఇసుక పేరుకుంటోంది.

అప్పుడు వినిపించింది. మిషన్ లోపలి నుంచి... టక్. టక్.

అత్తగారు మెల్లగా వచ్చి, నిండిన కప్పు తీసుకుని, అచ్చం కొడుకులాగే ఒక్క గుటక చప్పరించింది.

“ఉప్పగా ఉంది,” అంది.

“కాదనండి అత్తయ్యా...”

“ఎంత చల్లగా ఉన్నాయే అమ్మాయ్... ఇంత చలిలో ఉన్నాడా నా బిడ్డ?”

నీళ్ళు ఆగిపోయాయి. నారింజ దీపం ఆరి, తెల్ల దీపం వెలిగి, అదీ ఆరిపోయింది. కోడలు నేల మీద కూలబడి, ఇన్ని నెలలూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఇక రాడని ఆమెకు అప్పుడు తెలిసింది. అత్తగారు పక్కనే చతికిలబడి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, తనూ ఏడ్చింది. ఇద్దరూ సింకు వైపు వీపు పెట్టి కూర్చున్నారు. వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరికీ తెలియదు.

చివరికి కోడలు కళ్ళు తుడుచుకుని లేచింది. ఇక ఎవరి కోసం ఉంచాలి అనుకుని, మీట ఎత్తింది.

లోపల పాడ్ లేదు.

వెనక ఎక్కడో చుక్క రాలిన చప్పుడైంది. సింకు అంచున, ఎప్పుడూ పెట్టే చోటే, పాడ్ బోర్లించి ఉంది. దాని చుట్టూ నల్లటి మరక.

“వచ్చి వెళ్ళాడు,” అంది అత్తగారు గుసగుసగా.

మరక తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అత్తగారు దాని కింద ఒక కప్పు మాత్రం పెట్టింది. బొటనవేలంత పాడ్, అందులో ఎన్ని నీళ్ళు పడతాయి? దీపాలు పెట్టే వేళకి కప్పు నిండింది. పారబోసి మళ్ళీ పెట్టారు. తెల్లవారి కోడలు వచ్చి చూసేసరికి అదీ నిండి ఉంది. పాడ్ అంచు నుంచి ఇంకా ఒక్కొక్క చుక్కే కారుతోంది.