అరవై ఒకటో నంబర్ వంతెన

మార్జరీ పరిగెడుతోంది.

కాలువ గట్టంతా బురద... పొగమంచు. నవంబరు కదా, నాలుగింటికే చీకటి ముసురుకుంటోంది.

వెనక బూట్ల చప్పుడు!

"ఆగవే, ఇటుకల పిచ్చిదానా!"

రోలండ్ క్రాడక్. కాలువ అవతల మూడొందల ఇళ్ళు కట్టాలని చూస్తున్న బిల్డర్. అడ్డం ఒక్కటే... ఈ వంతెన! రెండొందల ఏళ్ళనాటి ఇటుకల కమాను. ఒక్క బండి పట్టేంత ఇరుకు. చట్టం ప్రకారం ఒక్క ఇటుక పీకకూడదు.

క్రాడక్ పీకలేదు. తొలిచాడు!

వంతెనలు తనిఖీ చేయడం మార్జరీ ఉద్యోగం. ఇందాకే కమాను కింద టార్చి వేసి చూసింది. డ్రిల్లుతో వేసిన పదకొండు రంధ్రాలు. పైన కొత్త సున్నం పూత. ఫొటోలు తీసి తల తిప్పేసరికి ఎదురుగా క్రాడక్!

పరిగెడుతూనే మార్జరీ కాలు జారి పడిపోయింది.

అతను ఫోన్ లాక్కుని కాలువలోకి విసిరేశాడు. బుడుంగ్!

"రంధ్రాలు ఎక్కడికీ పోవుగా? మళ్ళీ ఫొటోలు తీస్తాను" అంది రొప్పుతూ.

"వంతెనుంటే కదా!"

దూరంగా ఇంజన్ మోత...

లారీ! పొడవాటి ట్రెయిలర్ మీద మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్. నలభై టన్నులు!

"ఎవడో వెధవ బరువు పరిమితి బోర్డు చూసుకోలేదు. పాత వంతెన కూలింది. పేపర్లో నాలుగు లైన్లు. అంతే!"

"మరి డ్రైవరు?"

"డెన్నిస్‌గాడా? మా ఆవిడ తమ్ముడు. ఉన్నా ఒకటే, పోయినా ఒకటే."

మార్జరీ అతని చెయ్యి కసుక్కున కొరికింది. వంతెన పక్క రోడ్డు మీదికెక్కి పరిగెత్తింది.

"డెన్నిస్! ఆపు!"

ఆలస్యమైపోయింది. లారీ వంతెనెక్కేసింది!

రెండు ఇటుకలు ఊడి నీళ్ళలో పడ్డాయి. వంతెన వణికింది...

గర్ర్ర్ర్!

ట్రెయిలర్ పొట్ట వంతెన నడినెత్తిన ఆనుకుంది. కొన్ని చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. వంతెన మాత్రం నిలబడే ఉంది!

క్రాడక్ రొప్పుతూ పైకొచ్చాడు. నోరు తెరుచుకుపోయింది.

"ఒంటె వీపులాంటి వంతెన మీదికి పొడుగు బండి పంపిస్తే ఇంతే" అంది మార్జరీ. "ఈ మాత్రం తెలీని నువ్వు ఇళ్ళు కడతావా? కుక్కల గూడు కూడా నిలబడదు!"

డెన్నిస్ క్యాబిన్ దిగాడు.

"బావా... గట్టి వంతెనే అన్నావుగా?"

"కింద తొలిచింది మీ బావే" అంది మార్జరీ. "నువ్వు పోయినా ఒకటేనట."

"ఈ ముసలిదాని మాట నమ్ముతావురా దద్దమ్మా? బండి వెనక్కి తియ్!"

డెన్నిస్ కదల్లేదు.

"మొన్న నీ డ్రిల్లు కడిగింది నేనే బావా. నిండా ఎర్ర ఇటుక పొడి. ఎక్కడిదంటే, మన గ్యారేజీ గోడదన్నావు." నెమ్మదిగా ఫోన్ తీశాడు. "మన గ్యారేజీ చెక్కది కదా!"

"ఎవరికిరా ఫోన్? పోలీసులకా?" క్రాడక్ వెటకారంగా నవ్వాడు. "చేసుకో! మా లాయరు ముందు నువ్వెంత, వాళ్ళెంత?"

"వాళ్ళకి తర్వాత చేస్తా బావా..."

అవతల ఫోన్ ఎత్తారు.

"అక్కా! నేనే..."

క్రాడక్ నవ్వు ఆగిపోయింది!