ముడి లేని అతుకు

“నాకొద్దు. నానమ్మ పెడితే అసలే వద్దు.”

పదేళ్ల లాస్య కంచాన్ని ముందుకు నెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. ఎల్.బి. నగర్‌లోని ఆ ఇంట్లో సంధ్యాదీపం వెలిగింది గాని, దాని ముందు నిలిచిన ఒక్క ముఖంలోనూ వెలుగు లేదు. కోడలు వాసంతి కొంగుతో కన్నీళ్లు అదుముకుంటూ వంటగదిలోకి తప్పుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల దుకాణం నుండి అప్పుడే వచ్చిన కొడుకు శ్రవణ్‌కుమార్ చెప్పులైనా విడవలేదు.

“అప్పుడు నన్ను... ఇప్పుడు నా బిడ్డను. నీ ఎర్రపెన్నుకు మా ఇల్లే దొర్కుతదా అమ్మా?”

కౌసల్య నెట్టేసిన కంచాన్ని ఎత్తి పక్కన పెట్టింది. ముప్ఫై ఏళ్లకు పైగా సర్కారు బడిలో సైన్సు చెప్పిన ఇల్లాలామె. ఇరవై ఏళ్ల కిందట, తన బడిలోనే చదువుతున్న ఈ కొడుకు తొమ్మిదో తరగతి పరీక్షలో అట్ట కింద చీటీతో దొరికితే, అతని పేపరు మీద అడ్డంగా ఎర్రగీత గీసింది. అతనికి ఒక ఏడాది పోయింది. ఆనాటి నుండి తల్లీకొడుకుల మధ్య అవసరానికి మించిన మాట లేదు...

ఇప్పుడు ఇదొకటి! దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల ఆవిష్కరణల పోటీ జరుగుతోందనీ, న్యాయనిర్ణేతగా రమ్మనీ విశ్రాంత ప్రిన్సిపాల్ శేషారత్నం స్వయంగా వచ్చి పిలిచింది. “మీలాంటి నిక్కచ్చి మనిషి కావాలండీ కౌసల్య గారూ. కాఫీ తప్ప మేమేమీ ఇవ్వలేం,” అని నవ్వింది. పసివారి బుద్ధిని తూచడం దైవకార్యమేనని తలచి, ఈ ఉదయం తలస్నానం చేసి, దేవునికి మొక్కి కౌసల్య వెళ్లింది. లాస్య కూడా ఆ పోటీలో ఉన్న సంగతి ఆమెకు తెలియదు. నానమ్మను ఆశ్చర్యపరచాలని ఆ పిల్ల ఇంటిల్లిపాదితో ఒట్టు వేయించుకుంది.

బల్లల మీద నంబర్లే గాని పేర్లు లేవు. పక్షపాతానికి తావుండరాదని పిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టారు. ఇరవయ్యేడో బల్ల మీద ఒక చిన్న చెక్కపీట ఉంది. దానికి బట్టల క్లిప్పులు రెండు, గాజంత చక్రం, తిప్పడానికొక పిడి. ఎదుట రెండు పట్టుపోగులు బిగించి ఉన్నాయి. ఒకదాని కింద ‘పీటతో అతికినది’ అనీ, రెండోదాని కింద ‘చేత్తో అతికినది’ అనీ రాసి ఉంది.

ఆ రెండో పోగు దగ్గర కౌసల్య వంగి చూసింది. దానికి ముడి లేదు! పోచంపల్లి మగ్గాల మీద పడుగు పోగు తెగితే ముడి వేయరు. వేళ్లకు బూడిద అద్దుకొని, రెండు కొసలనూ కలిపి మెలివేస్తారు. మెలివేశాక కొసను వెనక్కి మడిచి మరొక్కసారి తిప్పే అలవాటు ఆమె ఎరిగినంతలో ఒక్కరిదే, మగ్గం నేసిన తన భర్త ఆనందానిది. చచ్చుబడిన ఆయన వేళ్లు కదిలాయి! ఆరేళ్ల మొక్కు ఫలించింది! ఆమె కన్నులు చెమర్చాయి... మరుక్షణమే మరో ఆలోచన వచ్చింది. అయితే ఇది నా మనవరాలి బల్ల. పని మాత్రం తాతది. నావాళ్లే గదా అని చూసీచూడనట్టు వదిలేస్తే దేవుడు మెచ్చుతాడా?

పిల్లను పిలిపించి అడగాలని తోచలేదు. పిడి ఎడమవైపే ఎందుకున్నదో ఆలోచించలేదు. మార్కుల కాగితం మీద ‘పెద్దల చేతిపని’ అని రాసి ఎర్రగీత గీసింది.

ఇప్పుడు ఇంట్లో మూల మంచం మీద నుండి ఆనందం పిలిచాడు.

“కౌసల్యా... నేను చేసిన్నంటివా?”

పక్షవాతం వచ్చిన నాటి నుండి ఒడిలో రాయిలా పడివున్న కుడిచేతిని ఆయన ఎడమచేత్తో ఎత్తి, దగ్గరికి వచ్చిన ఆమె అరచేతిలో పెట్టాడు.

“గీ చెయ్యితోనా?”

కౌసల్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ప్రతి ఉదయం తానే కడిగి తుడిచే చేయి! ముద్దలు కలిపి తానే తినిపిస్తోంది గదా... ఎట్లా మరచింది? మరవలేదు. ఆరేళ్లుగా కోరుకున్న కోరికే ఆ క్షణాన కళ్లకు అడ్డు నిలిచింది.

లాస్య గోడవైపు నుండే అంది: “తాత నోటితోని చెప్పిండు, నేను అతికిన. నెల రోజులు నేర్సుకున్న. తాత ఒక్క చేత్తోని అతుకుతుండె, ఊడిపోతుండె. గందుకే పీట చేసిన. నన్ను అడిగితే చెప్తుంటి గద నానమ్మా.”

గడపలో నిలబడ్డ శ్రవణ్‌కుమార్ అక్కడే కూర్చున్నాడు. “చీటీ పెట్టింది నిజమే అమ్మా. నువ్వు ఎలక్షన్ డ్యూటీల ఉంటివి. నాయిన నేస్తున్న పెండ్లి చీరె అర్జెంటు. రెండ్రోజులు ఇద్దరం పోగులు అతుక్కుంట కూసున్నం, పుస్తకం ముట్టలె. ఏడాది పోయినందుకు కాదమ్మా నా బాధ. ఎందుకు పెట్టినవ్ రా అని ఒక్కసారన్న అడగకపోతివి.”

“తప్పైంది బిడ్డా...” అన్నది కౌసల్య. కొడుకుతో ఆ మాట అనడానికి ఆమెకు ఇరవై ఏళ్లు పట్టింది.

మరునాడు బహుమతుల సభలో ఆమె మైకు అడిగింది. “లిస్టు అచ్చయిపోయిందండీ, ఇప్పుడెందుకు?” అని శేషారత్నం చెవిలో వారించింది.

“లిస్టు అట్లనే ఉండనీయండి మేడమ్. గీత నేను కొట్టింది. నేనే తీసేస్తా.”

నిండు సభలో తలవంచి చెప్పింది: “ఇరవయ్యేడో బల్ల పని పిల్లదే. అది నా మనవరాలిదని తెలిసినప్పుడే నేను పక్కకు జరగవలసింది. జరగలేదు. పిల్లనైనా అడగలేదు. తప్పు నాది.”

లాస్యకు బహుమతి రాలేదు. అయినా ఆ సాయంత్రం ఆనందం ఎడమచేత్తో పిడి తిప్పాడు. రెండు కొసలు మెలిపడి ఒక్క పోగయ్యాయి. ఆయన లాగి చూశాడు, ఊడలేదు.

లాస్య బూడిద గిన్నె తెచ్చి నానమ్మ ముందు పెట్టింది. “ఇగ నువ్వు చేత్తోని అతుకు. తాత చెప్తడు.”

కౌసల్య వేళ్లకు బూడిద అద్దుకుంది. మెలివేసింది. పోగు ఊడిపోయింది. భయంభయంగా మనవరాలి వైపు చూసింది.

“మల్ల చెయ్ నానమ్మా,” అంది లాస్య ఆమె మోకాలికి ఆనుకుంటూ. “నేను గీత కొట్టనులే.”