చూసీ చెప్పని తప్పు

అసాబి అకారా గారెల పిండిని గరిటెతో నూనెలోకి జారవిడుస్తుండగా గేటు దగ్గర కారు ఆగింది. ఇబాదాన్‌లో ఎడారి దుమ్ముగాలి మొదలై వారమైంది. పొద్దున్నే తుడిచిన కుర్చీల మీద అప్పుడే ఎర్రటి పొర పేరుకుంది. దిగినావిడ సెగిలోలా. నలభై ఏళ్ళు పల్లెల్లో కాన్పులు చేసిన మంత్రసాని. ఆ జ్ఞాపకాలన్నీ ఇప్పుడు పుస్తకంగా రాసింది. దాన్ని సరిదిద్దుతున్నది అసాబి కూతురు ఇరెతి.

"ఏదమ్మా మా ఎడిటరమ్మ?" అంటూ ఆవిడ పెద్ద యామ్ దుంపను అసాబి చేతుల్లో పెట్టింది. "ఎవరు నేర్పారో గానీ, నేను పది పేజీల్లో చెప్పలేనిది ఒక్క గీత గీసి నాచేతే చెప్పిస్తుంది. ఎంత అదృష్టవంతురాలివి!"

"అంతా దేవుడి దయ అండీ" అంది అసాబి.

ఎవరు నేర్పారట! ఒక ముద్రణాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి తను. యాభై దాటాక కూడా అక్కడ ఆమె 'ప్రూఫులమ్మాయే'. రచయితలెవరూ ఆమె ముఖం చూడలేదు, ఇంటికొచ్చి దుంపలూ ఇవ్వలేదు. అక్షరాల మధ్య దాక్కున్న తప్పును ఎలా పట్టాలో ఇరెతికి ఎనిమిదేళ్ళప్పుడే నేర్పింది.

రెండేళ్ళ క్రితం ఇరెతి బ్యాంకు ఉద్యోగం మానేసి, పుస్తకాలు దిద్దుకుని బతుకుతానంది. మొదటి ఆరునెలలు ఒక్కరూ పని ఇవ్వలేదు. ఆ పిల్ల మంచం మీద ముఖం దాచుకుని ఏడుస్తుంటే వీపు నిమిరింది అసాబే. కూతురు ఓడిపోతున్నన్నాళ్ళూ తల్లిగా ఉండటం తేలికగానే ఉంది. తర్వాత ఒకరి ద్వారా ఒకరుగా రచయితలు రావడం మొదలైంది. లాగోస్ నుంచి, అక్రా నుంచి ఫోన్లు. ముందు గదిలో నవ్వులు. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా అసాబి వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేది.

ఆదివారం ఇరెతి చర్చికి వెళ్ళినప్పుడు అసాబి సెగిలోలా పుస్తకం ప్రూఫులు తీసి చదివింది. ఊరికే చూద్దామనుకుంది. పన్నెండో అధ్యాయంలో అవేరో అనే ఆవిడ కాన్పు కష్టమై చనిపోయింది. పంతొమ్మిదో అధ్యాయంలో అదే అవేరో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టే వేడుకలో కూర్చుంది. నిజానికి పోయింది అవేరో చెల్లెలు అయింకె అని సెగిలోలా మాటల్లో అసాబి విన్నదే. పేర్లు తారుమారయ్యాయి. బతికున్న అవేరో పుస్తకావిష్కరణకు వస్తుందని, ముందు వరుసలో కూర్చోబెడతానని సెగిలోలా ఈ ఇంట్లోనే చెప్పింది.

అసాబి ప్రూఫులు ఉన్నచోటే పెట్టేసింది. కూతురు వచ్చాక అన్నం వడ్డించింది. ఏమీ చెప్పలేదు.

గురువారం పొద్దున ఇరెతి కాగితాల కట్టకు తాడు కడుతోంది. మధ్యాహ్నానికి అవి ముద్రణకు వెళ్ళాలి.

"ఎంత పనో ఈ పుస్తకం!" అంది ఒళ్ళు విరుచుకుంటూ. "నీ రోజులే నయం అమ్మా. ప్రూఫులే కదా, అక్షరాలు చూసుకుంటే చాలు. మాకైతే కథంతా బుర్రలో మొయ్యాలి."

అసాబి చేతిలోని గుడ్డ కిందపడేసింది.

"ప్రూఫులే కదా! అవునమ్మా, ప్రూఫులే! మరి చచ్చిన మనిషి లేచి పేరు పెట్టే వేడుకకు ఎలా వచ్చిందో చూశావా, అంత బుర్ర ఉన్నదానివి?"

"ఏమంటున్నావు?"

"పన్నెండు చూడు. పంతొమ్మిది చూడు."

ఇరెతి తాడు తెంపింది. పన్నెండు తీసింది, పంతొమ్మిది తీసి పక్కన పెట్టుకుంది. ముఖం పాలిపోయింది. తలెత్తింది.

"ఎప్పుడు చూశావు?"

అసాబి వంగి కిందపడిన గుడ్డ తీసుకుంది.

"అమ్మా, ఎప్పుడు?"

"ఆదివారం."

"నాలుగు రోజులు..." ఇరెతి పేజీలు కింద పెట్టేసింది. "తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ నేను గోతిలో పడబోతుంటే నువ్వు చూస్తూ అన్నం పెట్టావా?"

"పెట్టాను. నాకు దక్కనిదంతా నీకు దక్కుతుంటే కుళ్ళిపోయాను. ఒక్కసారి పడితే బాగుండనుకున్నాను. విన్నావుగా? ఇక తిట్టు."

ఇరెతి తిట్టలేదు. ముద్రణాలయానికి ఫోన్ చేసి ఆపమంది. తలకు గుడ్డ చుట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "సెగిలోలా గారికి చెప్పాలి. వస్తావా?"

సెగిలోలా ఇంట్లో ఇరెతి మోకరిల్లి దండం పెట్టి, తప్పు చూపించింది. ఆవిడ కళ్ళజోడు తీసి నుదురు పట్టుకుంది.

"అయ్యో తల్లీ! అవేరో నా ఎదుట కూర్చుని తన చావు తనే చదువుకునేదా! ఎలా దొరికింది ఇది?"

"మా అమ్మకు ఈ పొద్దునే దొరికింది" అంది ఇరెతి, తల వంచుకునే. "అమ్మ లేకపోతే పరువు పోయేది."

సెగిలోలా లేచి అసాబి రెండు చేతులూ పట్టుకుంది. "నేర్పింది నువ్వేనన్నమాట! ఏం కళ్ళమ్మా నీవి!"

జన్మంతా ఎదురుచూసిన మాట. అది చెవిన పడగానే అసాబి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. కూతురు తన కోసం అబద్ధమాడింది. నాలుగు రోజులు తను నోరు మూసుకుని ఉన్నా, ఆ పిల్ల ఇప్పుడు తన పరువు కాపాడుతోంది.

"పొద్దున కాదండీ" అంది చేతులు వెనక్కి తీసుకుంటూ. "ఆదివారమే చూశాను. కూతురి మీద అసూయతో చెప్పలేదు. నన్ను పొగడకండి."

"అమ్మా, ఊరుకో!" అంది ఇరెతి.

సెగిలోలా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది.

"నాకు ముగ్గురు చెల్లెళ్ళు. అసూయ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు" అంది చివరికి. "కానీ అవేరో గుండె పగిలేది. అది గుర్తుంచుకో." కలం తీసి ఇరెతి చేతికిచ్చింది. "దిద్దమ్మా. నేను చూస్తుంటాను."

తిరిగి వస్తూ, రోడ్డు మలుపులో ఇరెతి ఆగింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ముద్రణ సోమవారానికి జరిపారు. ఇంకెన్ని తప్పులు దాక్కున్నాయో... మొదటినుంచీ చదవాలి. నాతో కూర్చుంటావా?"

"నన్నెలా నమ్ముతావే?"

"కోపం పోలేదు. అయినా అడుగుతున్నా."

అసాబి చుట్టుకున్న బట్ట అంచుతో ముఖం తుడుచుకుని, కూతురి చేతిలోని బరువైన కట్టను అందుకుంది.

"కూర్చుంటాను. ఈసారి చూసింది చూసినట్టు చెప్తాను."