లేని జ్వరానికి పరామర్శ

తెల్లవారుజామున వీరరాఘవమ్మకు కల వచ్చింది. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల మీద మంచు పొగలా తేలుతోంది. ఆ పొగలోకి కోడలు వాసంతి తెల్లకోటు వేసుకుని నడిచిపోతోంది. పిలిస్తే వెనక్కి చూసి నవ్వింది గాని ఆగలేదు.

లేచి స్నానం చేసి, కోటయ్యస్వామి పటం ముందు దీపం పెట్టింది. “ఇల్లు నిలబడటానికి ఒక అబద్ధం ఆడితే తప్పా స్వామీ?” అని అడిగింది. దీపం అల్లల్లాడింది.

వాసంతి నరసరావుపేట ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. రోజూ రొంపిచెర్ల నుంచి బస్సులో వెళ్ళి, పట్టేసిన నడుములకూ మోకాళ్ళకూ వ్యాయామాలు చేయిస్తుంది. నిరుడు తనలాంటివాళ్ళ సంఘంలో చేరింది. రేపు గుంటూరులో వాళ్ళ సభ. అందులో వాసంతి మాట్లాడాలి. పెద్ద ఆసుపత్రులవాళ్ళూ వస్తారట. కొడుకు వెంకట సాయి ఎప్పుడూ మిరప బేరాల మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇక కోడలు కూడా పోతే? నిన్న వాసంతి పెరట్లో ఉండగా సంఘం కార్యదర్శి హుమేరా ఫోన్ చేస్తే తనే ఎత్తి, “మా కోడలికి జ్వరమమ్మా, సభకి రాలేదు” అనేసింది.

వంటింట్లో వాసంతి గరిటె పట్టుకుని ఏదో గొణుక్కుంటోంది.

“ఏమే, ఎవరితో మాట్లాడతన్నావు? ఉప్మా మాడతంది.”

“మైకుతో అత్తయ్యా!”

“సంఘాలంటే చందాలు, దండలు. నీకెందుకే అయ్యి?”

“ఇక్కడ నా పని గురించి మాట్లాడుకోటానికి ఎవరున్నారు? అక్కడైతే తెలియంది అడగొచ్చు, తెలిసింది చెప్పొచ్చు.”

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. హుమేరా, ఆమె వెనక సంఘంలోనే ఉన్న సత్తెనపల్లి సుశీల దిగారు. చేతుల్లో కొబ్బరి బోండాలు, బ్రెడ్డు.

“జ్వరం ఎట్టా ఉంది వాసంతీ?” అంది హుమేరా.

“జ్వరమా? నాకా?”

“సంఘంలో నీ బదులు ఇంకొకర్ని పెట్టమన్నారు. నేనే ఆపా. నువ్వు లేవలేకపోతే, నువ్వు రాసింది నీ పేరుతోనే నేను చదువుదామని వచ్చా.”

వాసంతి అత్త వైపు తిరిగింది. “మీరేనా?”

“నేనేనే. పెద్ద ఆసుపత్రోళ్ళు నిన్ను ఎత్తుకుపోతారని భయమేసింది. నువ్వు పోతే ఈ ఇంట్లో నాతో పలికేదెవరు?”

“ఆ మాట నాతో అనకూడదా? సంవత్సరం నుంచీ ఈ సభ కోసం కలలు కంటున్నా అత్తయ్యా!” వాసంతి పెరట్లోకి వెళ్ళిపోయింది.

సుశీల మెల్లగా అంది: “పెద్దమ్మా, ఆమె మాట్లాడేది మిరప కోతల్లో వంగి వంగి నడుములు పోయిన ఆడోళ్ళ గురించి. మొదట చెప్పేదే మీ గురించి.”

వీరరాఘవమ్మకు సాయంత్రాలు తన నడుం మీద కదిలే కోడలి వేళ్ళు గుర్తొచ్చాయి. తన నొప్పికీ విలువుందని ఎక్కడో కొందరు కూర్చుని వినబోతున్నారు. తనేమో ఆ తలుపే మూసింది.

పెరట్లోకి వెళ్ళి కోడలి చెంపలు తుడిచింది. “తప్పయిందే తల్లీ. రేపు నేనూ వస్తా. నా నడుం లేకుండా నా నడుం సంగతి ఏం చెబుతావు?”

ఏడుపు మధ్యలోనే వాసంతికి నవ్వొచ్చేసింది.

మర్నాడు పొద్దున కళ్ళాల మీద అదే మంచు. కలలో ఆగని పిల్ల బస్సు మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి చెయ్యి అందించింది.