పరిగెత్తకూడని మధ్యాహ్నం

సెలైన్ గొట్టంలోంచి ఆఖరి చుక్క ఎస్తేరు చేతిలోకి దిగింది. డాక్టర్ ముక్తేశ్వరరావు సీసా వంక, ఆమె మొహం వంక మార్చి మార్చి చూశాడు. ఆ మందు ఎక్కించుకున్న మొదటి రోగి ఆమె.

"మంటగా ఉందా అమ్మా?"

"లేదు సార్. చల్లగా పాకుతున్నట్టుంది, అంతే."

ఎస్తేరు విశాఖపట్నంలో ఒక హైస్కూల్లో పీఈటీ. పిల్లల్ని పరిగెత్తించడం, వాళ్ళతోపాటు తనూ పరిగెత్తడం ఆమె ఉద్యోగం. కాలేయంలో గడ్డ పుట్టి, ఏ మందుకీ లొంగకపోయేసరికి ఎముకల గూడులా మిగిలి, కొండమీది ఈ పరిశోధన ఆసుపత్రికి వచ్చింది. ఆరో అంతస్తులో ఆమె ఒక్కతే రోగి.

ఎక్కించే ముందు ఆయన అంతా విడమరిచి చెప్పాడు. "ఇవి పాలిమర్‌తో చేసిన నానోపార్టికల్స్. కంటికి కనిపించనంత చిన్న డబ్బాలనుకోండి. ఒక్కోదాంట్లో రవ్వంత విషం ఉంటుంది. రక్తంలో తిరిగినంతసేపూ మూత బిగిసే ఉంటుంది. కేన్సర్ గడ్డ చక్కెరను ఆబగా తిని, చుట్టూ ఆమ్లం కక్కుతుంది. ఆ పులుపు తగిలితే పాలిమర్ ఉబ్బి మూత ఊడుతుంది. విషం గడ్డ మీదే పడుతుంది."

"అయితే చింతపండు మానెయ్యాలా సార్?"

"అక్కర్లేదు. పొట్టలో పులుపు రక్తాన్ని మార్చదు. పరిగెత్తడం మాత్రం మానాలి. గట్టిగా పరిగెత్తితే తొడ కండల్లో కూడా ఆమ్లం ఊరుతుంది. గడ్డేదో కండేదో ఈ డబ్బాలకు తెలీదు. మందు ఒంట్లోంచి పోయేదాకా ఆయాసం వచ్చే పని ఏదీ చేయకండి."

ఇప్పుడాయన సూది తీసి దూది అదుముతుండగా ఫైర్ అలారం మోగింది. కాసేపటికి తలుపు సందులోంచి ఘాటైన వాసన వచ్చింది. ఆయన వరండాలోకి వెళ్ళి, తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది.

"నాలుగో అంతస్తులో కెమికల్ స్టోరు అంటుకుంది. లిఫ్టులు ఆగిపోయాయి. మెట్లమీదుగా పోవాలి."

ఎస్తేరు మంచం దిగింది. గుండె దడదడలాడింది. "గుండె ఇలా కొట్టుకుంటే మూతలు ఊడతాయా సార్?"

"భయానికి ఊడవు. ఆయాసానికి ఊడతాయి."

"మెల్లగా నడుస్తాను."

"మెల్లగా నడిస్తే పొగలో చిక్కుకుంటారు. ఊపిరాడకపోతే రక్తమే పులుస్తుంది. అప్పుడు ఒళ్ళంతా ఊడతాయి." ఆయన వంగి వీపు చూపించాడు. "ఎక్కండి."

ఆమెకు మొహమాటపడే సమయం లేదు. తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆయన మెడ పట్టుకుంది. నాలుగో అంతస్తు దగ్గర వేడి చెంపలు కాల్చింది. లోపల సీసాలు ఒకటొకటే పగులుతున్నాయి. ఆయన ఒక్క పరుగున ఆ మలుపు దాటాడు. కిందికి పొగ పలచబడింది. రెండో అంతస్తు మెట్ల దగ్గర ఆయన కాళ్ళు వణికాయి. ఆమెను జాగ్రత్తగా దించి, గోడకు జారగిలబడ్డాడు.

"అలిసిపోయారు సార్. ఇక నేను నడుస్తాను, లేవండి."

"లేవలేను. తొడలు కాలిపోతున్నాయి."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన పళ్ళ బిగువున చెప్పాడు. "గడ్డ లేని ఒంట్లో మూతలు ఊడకుండా ఉంటాయో లేదో చూడాలి కదా. నిన్న నేనే ఎక్కించుకున్నాను."

ఎస్తేరు ఆయన తొడల వంక చూసింది. "తెలిసీ నన్ను మోశారా?"

"మీ కాళ్ళలో ఇంత కండ లేదమ్మా, పోగొట్టుకోవడానికి. వెళ్ళండి. నడిచే వెళ్ళండి."

పైన మరేదో పేలింది. నల్లటి పొగ పాయ మెట్లవెంట కిందికి జారుతోంది. ఆమె కమ్మీ పట్టుకుని ఒక మెట్టు దిగింది. ఆగి ఊపిరి పీల్చుకుని ఇంకో మెట్టు దిగింది. వెనక ఆయన మూలుగు వినిపిస్తోంది. పిల్లాడు పడితే మైదానం ఆ చివరినుంచి ఉరికే మనిషి, కమ్మీని రెండు చేతులా పట్టుకుని తన కాళ్ళను తనే ఆపుకుంది. ఆయన చచ్చిపోతున్నాడు, నేను నడుస్తున్నాను అనుకుంది. కళ్ళనీళ్ళతో మెట్లు కనిపించలేదు. పాదంతో తడుముకుంటూ దిగింది.

కింద ఫైర్ సిబ్బంది కనిపించగానే, "రెండో అంతస్తు, మెట్ల మీద" అంది. వాళ్ళు పరిగెత్తారు.

డాక్టరు బతికాడు. తొడ కండలు చాలావరకు చచ్చిపోయాయి. ఎస్తేరు గడ్డ నెలనెలా కరిగి, చివరికి స్కానింగులో మచ్చ కూడా మిగల్లేదు. మందు ఆమ్లం ఉన్నచోటే తెరుచుకుంటుందనడానికి రుజువుగా దాన్ని తయారుచేసే కంపెనీవాళ్ళు దేశదేశాల సభల్లో ఒక ఫొటో చూపించారు. ఆ ఫొటో ఆమె కాలేయానిది కాదు, ఆయన కాలిది. అగ్నిప్రమాదానికి కిందటి రోజు ఎక్కిన మందు కూడా అంత కచ్చితంగా పనిచేసిందని సభలో చప్పట్లు కొట్టారట. ఆ సంగతి, ఎస్తేరు తనను చూడ్డానికి ఇంటికి వచ్చినప్పుడు, చక్రాల కుర్చీలో కూర్చుని ఆయనే చెప్పాడు.

"నవ్వొచ్చింది టీచరుగారూ. నా జీవితంలో నేను చేసిన మంచి ప్రయోగం అదే." తర్వాత అడిగాడు. "పరిగెడుతున్నారా?"

"లేదు సార్."

"మీ ఒంట్లో ఒక్క రేణువు కూడా లేదు. పోయి చాలా కాలమైంది."

"తెలుసు సార్. ఊపిరి కాస్త వేగం కాగానే తొడల్లో మూతలు ఊడుతున్నట్టు ఉంటుంది. కాళ్ళు ఆగిపోతాయి."

ఆ భయానికి ఏం ఎక్కించాలో ఆయనకు తెలీదు.

ఆమె సెలవు తీసుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి సిటీ బస్సు కదులుతోంది. కండక్టరు ఆమెను చూసి, ఫుట్‌బోర్డు మీద నిలబడి బస్సు రేకు మీద చరిచాడు. "రామ్మా, నాలుగడుగులు పరిగెత్తు, ఎక్కిస్తా."

ఎస్తేరు ఒక అడుగు ముందుకు వేసింది. ఛాతీలో గాలి కదిలింది. అక్కడే ఆగి, వెళ్ళిపొమ్మని చేయి ఊపింది.