టర్బో బండికి పాత గ్యాప్

"పనికిమాలిన ప్లగ్గులు అంటగట్టావు!" అంటూ ఆర్డిస్ నాలుగు స్పార్క్ ప్లగ్గులు తెచ్చి కౌంటర్ మీద కుమ్మరించింది.

ఆరిన్ ఒకటి తీసి చూశాడు. అమెరికాలోని ఆ ఐయోవా ఊళ్ళో కారు సామాన్ల కొట్టు అతనిది. ప్రతి శనివారం మట్టి ట్రాక్ మీద జరిగే పందేల్లో ఆర్డిస్‌లా కారు తోలేవాళ్ళు లేరు. ఆమె అంటే అతనికి ఇష్టమని ఆమెకు తప్ప ఊరందరికీ తెలుసు.

"ఏమంటోంది బండి?"

"మామూలుగా బానే పోతుంది. గట్టిగా తొక్కానా, దగ్గు మొదలు."

"మొన్న టర్బో పెట్టించావు కదూ? గ్యాప్ ఎంత పెట్టావ్?"

"మా నాన్న పెట్టేదే. ముప్ఫై అయిదు."

ప్లగ్గు కొనలో నిప్పురవ్వ దూకే సందు అది, అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. ఆరిన్‌కు జబ్బు తెలిసిపోయింది. కానీ వెంటనే చెప్పలేదు. ఈ శనివారం గెలిస్తే ఆర్డిస్‌ను నార్త్ కరోలినా రేసు జట్టు తీసుకుపోతుంది. ఊరుకుని కొత్త ప్లగ్గులు చేతిలో పెడితే ఓడిపోయి ఇక్కడే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"గ్యాప్ ఎక్కువైంది," అన్నాడు. "ఇంజన్‌లోకి టర్బో గాలి కుక్కేస్తుంది. అంత ఒత్తిడిలో నిప్పురవ్వ అంత దూరం దూకలేదు. ఇరవై ఎనిమిదికి తగ్గించు."

"ఆ గ్యాప్‌తోనే మా నాన్న అల్మారా నిండా కప్పులు గెలిచాడు!"

"అప్పుడు టర్బో లేదుగా తల్లీ!"

"మా నాన్నకే పాఠాలా?" ప్లగ్గులు ఏరుకుని విసవిసా వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం వాన. ఆరిన్ గ్యాప్ కొలిచే రేకులు జేబులో వేసుకుని, తడుస్తూ వాళ్ళ షెడ్డుకు వెళ్ళాడు. ఆర్డిస్ బానెట్ కింద తల దూర్చి ఉంది. ఆమె తండ్రి లోవెల్ మడత కుర్చీలో కాఫీ తాగుతున్నాడు.

"వచ్చాడండీ పంతులు," అంది ఆర్డిస్.

"రాకపోతే రేపు ఊరందరి ముందూ దగ్గుతావ్."

"వాడన్నది నిజమేనే," అన్నాడు లోవెల్. "నా బండికి టర్బో ఎక్కడేడిసింది? నన్నో మాట అడగొద్దూ?"

ఆర్డిస్ మూతి ముడిచి ప్లగ్గులు అందించింది. ఆరిన్ ప్లగ్గు కొన మీది తీగను మెల్లగా తట్టి వంచి, మధ్యలో రేకు దూర్చి చూస్తున్నాడు.

"గెలిస్తే వెళ్ళిపోతానని తెలుసా నీకు?"

"తెలుసు."

"మరెందుకు చెప్పావ్?"

"ఓడిపోయి ఇక్కడే ఉంటే ఆ ఏడుపు మొహం రోజూ చూడాలి. నా వల్ల కాదు. నువ్వంటే నాకిష్టం ఆర్డిస్."

ఆమె రెంచి కింద పడేసింది. దాన్ని వెతుక్కుంటూ బండి కిందికి దూరింది.

"నాకైతే వినపడింది," అన్నాడు లోవెల్, కాఫీ ఊదుకుంటూ.

శనివారం ఇంజన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆర్డిస్ గెలిచింది. జట్టు మేనేజరుతో మాట్లాడి, మొహం నిండా బురదతో కంచె దగ్గరికి వచ్చింది.

"రమ్మన్నారు."

"మంచిది," అన్నాడు ఆరిన్.

"మెకానిక్‌ని నేనే తెచ్చుకుంటానన్నా. సరేనన్నారు."

"ఎవర్ని?"

"అబ్బ! నీ బుర్రకీ గ్యాప్ సరిచెయ్యాలా? నిన్నే!"

లోవెల్ చెయ్యి చాపాడు. "కొట్టు తాళాలు ఇటు పడెయ్ అబ్బాయ్. నేను చూసుకుంటాలే."

ఆరిన్ తాళాలు అతని చేతిలో పెట్టాడు గానీ, వెంటనే వదల్లేదు.

"ఎవడైనా టర్బో బండితో వస్తే మాత్రం, ముందు నాకు ఫోన్ చెయ్యండి మామయ్యా."