ఉత్తచేతి వరుస

నూకరత్నం ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. చేతులు ఆమెవే గాని, ఎనిమిది గంటల బెల్లు మోగినప్పటినుంచి ఆమె మాట వినడం మానేశాయి. కుడిచెయ్యి తాపీతో సిమెంటు మాలు పరుస్తోంది. ఎడమచెయ్యి ఇటుక అందుకుని, అరచేతిలో ఒకసారి తిప్పి చూసి, నునుపు వైపు బయటికి పెట్టి కూర్చోబెడుతోంది. రత్నం ముక్కు చిట్లించింది, తల విదిలించింది, చివరికి ఈగకే విసుగొచ్చి ఎగిరిపోయింది.

మోచేతులదాకా అతుక్కుని ఉండే ఆ బూడిదరంగు తొడుగుల్ని నేర్పుతొడుగులంటారు. పొద్దున బెల్లుకు బిగుసుకుంటాయి, సాయంత్రం బెల్లుకు వదులవుతాయి. మధ్యలో భోజనానికి ముప్పావుగంట సెలవు. అంతకు మించి పని చేయించుకోకూడదని కార్మిక సంఘమే పట్టుబట్టి పెట్టించిన తాళం అది. లోపలున్న మనిషికి మాత్రం తాళం తాళమే.

ఇళ్లన్నిటినీ పోతయంత్రాలు పోసేస్తున్న రోజుల్లో తాపీ కార్మిక సంఘం నూటపది రోజులు సమ్మె చేసి, బయటి గోడలు మనిషి చేతులే కట్టాలన్న ఒప్పందం సాధించింది. సరే అన్న కంపెనీలు ఒక్క మెలిక పెట్టాయి. ఆ గోడల్లో వెంట్రుకవాసి తేడా రాకూడదు. అప్పుడు సంఘం పేరున్న మేస్త్రీల చేతి కదలికలన్నీ ఏళ్ల తరబడి నమోదు చేయించి, చేతికోశం అని ఒకటి ఏర్పాటు చేసింది. కొత్తగా చేరేవాళ్లకు చీటీ తీసి అందులోంచి ఒక మేస్త్రీ చెయ్యి తొడుగుల్లోకి ఎక్కించి ఇస్తారు. నాలుగేళ్లు ఆ చేతితోనే పని. మార్చుకోవడం కుదరదు.

రత్నానికి బంగారయ్య మేస్త్రీ చెయ్యి వచ్చింది. ఆయన పోయి నాలుగేళ్లయింది. సంఘం హాల్లో పూలదండ ఉన్న పటాలు రెండే, అందులో ఒకటి ఆయనది. చీటీ విప్పిన రోజున తోటివాళ్లు ఆమెను అసూయగానే చూశారు. ఆరేళ్లు ఎదురుచూపుల జాబితాలో ఉండి, ఈలోగా దొరికిన పనల్లా చేసి, ఇరవై ఏడో ఏట ఆ చీటీ అందుకున్న మనిషి ఆమె. తొంభై రోజుల పరీక్షకాలం దాటితే సభ్యత్వ కార్డు చేతికొస్తుంది. కార్డుంటే ఈ జన్మకు పనికి లోటు లేదు. అది పోతే మళ్లీ జాబితా అడుగుకి.

ముందుకొచ్చిన సముద్రాన్ని తప్పించుకుని భీమిలి కొండమీద కడుతున్న కొత్త కాలనీలో పని. మాలు అందించేది సూరమ్మ. యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి, ఎండు కట్టెలా సన్నగా ఉంటుంది. మాలు అందించడం కూడా ఒక నేర్పని ఎవరికీ తోచలేదు కాబట్టి ఆమెకు తొడుగు లేదు. బంగారయ్య బతికున్నప్పుడు ఇరవై రెండేళ్లు ఆయనకు మాలు అందించింది కూడా ఆమే.

తొమ్మిదోరోజున అది జరిగింది.

గోడ పక్కన నిలబడడానికి కట్టిన సారవ మీదికి మాలు తట్ట రావడం కాస్త ఆలస్యమైంది. రత్నం కుడిచెయ్యి ఇటుక అంచున తాపీని రెండుసార్లు గీరింది. ఆ వెంటనే, ఆమె ఏమీ అనుకోకుండానే, పైకి లేచి తాపీ వీపుతో బలంగా కిందికి దిగింది. అప్పుడే తట్ట దించుతున్న సూరమ్మ చటుక్కున మణికట్టు వెనక్కి తీసుకుంది. తాపీ తట్ట అంచుకి తగిలి ఖంగుమంది. చెయ్యి ఏమీ ఎరగనట్టు మాలు తీసుకుని తన పనిలో పడింది.

రత్నం సూరమ్మ వైపు తల తిప్పింది. చేతులు ఇటుకలు పెడుతూనే ఉన్నాయి.

"అత్తా, నేను కాదు. నేను కాదత్తా."

"నాకు తెల్దేటి?" అంది సూరమ్మ, ఖాళీ తట్ట తీసుకుంటూ. "మా మేస్త్రీ సెయ్యే అది. మాలు ఆలీసమైతే అంతే. ముందు రెండుసార్లు గీరతాడు, సూసుకున్నావా? గీకుడు ఇనబడగానే సెయ్యి తీసేసుకోవాల. నాకు అలవాటే."

ఆమె ఎడమ మణికట్టు మీద ఎముక ఒకచోట ఎత్తుగా ఉండటం రత్నం అప్పుడు చూసింది. అలవాటు కాకముందటిది కాబోలు.

ఆ సాయంత్రం రత్నం సంఘం ఆఫీసుకి వెళ్లింది. కార్యదర్శి సన్యాసిరావు చెడ్డవాడు కాదు. సమ్మెలో రెండు నెలలు జైల్లో ఉండి వచ్చినవాడు. చెప్పిందంతా విని కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"తెలుసమ్మాయ్. నమోదు చేసినప్పుడే చూశాం. దాన్ని కోసేద్దామని కూర్చున్నాం కూడా. కోస్తే ఆ తరవాత పెట్టే నాలుగిటుకలూ వంకర పోతున్నాయి. ఆ విసురూ ఆ ఇటుకా ఒకే కదలికట. విడదీయడం మావల్ల కాదన్నారు ఇంజినీర్లు."

"అయితే వేరే చెయ్యి ఇప్పించండి."

"ఒక మనిషికి ఒకే చెయ్యి. ఆ షరతు పెట్టించింది మనమే. లేకపోతే కంపెనీవాళ్లు రోజుకో చెయ్యి తగిలించి నిన్ను పదిరకాల పనులకు తిప్పుతారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఫిర్యాదు రాసిస్తానంటే తీసుకుంటాను. పరీక్షకాలంలో ఉన్నావు కాబట్టి నువ్వు జాబితాకి వెళ్లిపోతావు. బంగారయ్య చెయ్యి నీ తరవాతివాళ్లకి వెళుతుంది. మాలు అందించడానికి సూరమ్మ ఉండనే ఉంటుంది."

రత్నానికి ఏ వైపు చూసినా గోడే కనిపించింది. ఆ గోడలన్నీ తనలాంటివాళ్ల మేలు కోరి కట్టినవే కాబట్టి ఎవర్ని తిట్టుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు. ఫిర్యాదు రాయకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆ తరవాత ఆమె చేయగలిగిందల్లా ముందుగా కేకెయ్యడం. మాలు సగం ఉండగానే "అత్తా, తట్ట" అనేది. సూరమ్మ పరిగెత్తేది. ఆలస్యం కాకూడదని రత్నానికి ఎంత భయం పట్టుకుందో ఆ ముసలామెకు అంత పరుగు ఎక్కువైంది. మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు సూరమ్మ మోకాళ్లు నొక్కుకోవడం చూసి రత్నానికి ముద్ద దిగేది కాదు.

"ఇన్నేళ్లు ఎందుకు పడ్డావత్తా?" అని ఒకసారి అడిగింది.

"పడకేటి సేత్తాను? పని కావాల గదా. అయినా ఆడు మంచోడేనే. నా కూతురి పెళ్లికి నాలుగురోజులు దగ్గరుండి పందిరేయించాడు. తాపీ సేతిలో ఉన్నంతసేపే అలాగ." సూరమ్మ గిన్నె కడుక్కుని లేచింది. "నువ్వు మాత్రం మజ్జిలో ఒగ్గీకు. ఈ సెయ్యి ఇంకోడికెల్తే ఆడు కేక కూడా ఎయ్యడు నాకు."

పరీక్షకాలంలో తాపీ ముప్పై ఒక్కసార్లు లేచింది. ముప్పై ఒక్కసార్లూ సూరమ్మ గీకుడు విని చెయ్యి తీసేసుకుంది.

కార్డు ఇచ్చే రోజున సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సభ్యులు అందరి ముందూ తొడుగులు విప్పేసి, ఉత్తచేతులతో ఒక వరుస కట్టాలి. నమోదైన చెయ్యి ఎంత గొప్పదో, సొంత చెయ్యి ఎంత తక్కువదో తెలిసి వస్తుందని పాతవాళ్లు పెట్టిన సరదా అది. వరుస పాములా మెలికలు తిరుగుతుంది, అందరూ నవ్వుతారు, లడ్డూలు పంచుతారు. కంపెనీలూ ఒప్పుకున్న మినహాయింపు కాబట్టి ఆ వంకర వరుసను గోడలో అలాగే ఉంచేస్తారు. మాలు ఎవరందించాలో ఎంచుకునే హక్కు కొత్తవాళ్లదే. రత్నం సూరమ్మ పేరు చెప్పింది. సూరమ్మ ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది.

తొడుగులు కొక్కేనికి తగిలించారు. రత్నం తాపీ పట్టుకుంది. పిడి చల్లగా ఉంది. మొదటి ఇటుక పెట్టింది. రెండోది పెట్టింది. నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఐదో ఇటుక దగ్గర మాటలు ఆపేశారు. తొమ్మిదో ఇటుక దగ్గర సన్యాసిరావు ముందుకొచ్చి రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నట్టనడుమ నిలిచింది.

"ఇది ఇంతవరకు ఎవరికీ రాలేదమ్మాయ్," అన్నాడు ఆయన మెల్లగా.

రత్నానికి ఏడుపొచ్చింది. తొంభై రోజులు తన చేతుల వెనక నిలబడి చూస్తూ ఉండిపోయిన మనిషి ఇప్పుడు వాటిలోకి తిరిగి వచ్చింది. ఇటుకను అరచేతిలో తిప్పుతున్నది తనే. మాలు ఎంత చాలునో చూస్తున్నది తనే. ఆరేళ్ల ఎదురుచూపు, ఈగలు, బెల్లులు, అన్నిటికీ ఫలితం దక్కిందనిపించింది. ఎవరూ నేర్పుతున్నామనుకోలేదు, తొడుగు చేసినవాళ్లు కూడా అనుకోలేదు. చేతులు వాటంతటవే నేర్చేసుకున్నాయి. ఇంత సంతోషం ఆమె ఎరగదు.

సూరమ్మ తట్ట పట్టుకుని మూడడుగుల దూరంలో ఆగిపోయింది. ఆమె కూడా ఆ వరుసనే చూస్తోంది. నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా నవ్వుతోంది. మాలు అయిపోయిన సంగతి గుర్తొచ్చి గబగబా వచ్చి తట్ట దించబోయింది.

తాపీ ఇటుక అంచున రెండుసార్లు గీరింది.

సూరమ్మ ఆ గీకుడు విన్నది. విని, ఆ చేతివైపు చూసింది. తొడుగు లేదు. చెయ్యి తియ్యలేదు.

ఎముక చప్పుడు వెనక వరుసలో ఉన్నవాళ్లకు కూడా వినబడింది. తట్ట బోర్లాపడి మాలంతా ఉతికిన చీరమీద పడింది. సూరమ్మ కేక పెట్టలేదు. మణికట్టు పొట్టకు అదుముకుని అలాగే కూర్చుండిపోయింది.

"తొడుగు లేదు గదా అనుకున్నాను," అంది.

రత్నం చేతిలో తాపీ ఇంకా ఉంది. సన్యాసిరావు వచ్చి దాన్ని మెల్లగా విడిపించాడు. ఎవరో సూరమ్మకు తుండుగుడ్డ తెచ్చారు, ఇంకెవరో బండికోసం కిందికి పరిగెత్తారు.

"భయపడకు," అన్నాడు సన్యాసిరావు రత్నం చెవి దగ్గర. "అది బంగారయ్య చెయ్యి. నీది కాదు. అందరికీ తెలుసు. తొడుగు తాలూకు దోషమని రాసేస్తాను. కార్డు ఆపను." జేబులోంచి కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు కూడా. దానిమీద ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, పొన్నాడ నూకరత్నం అని అచ్చయి ఉంది.

రత్నం కట్టిన వరుసవైపు చూసింది. మాలు ఇంకా తడిగానే ఉంది.

"మరి ఈ వరుస ఎవరిదండీ?"

"నీదేగా. అందరం చూశాం," అన్నాడు ఆయన. అన్నాక, ఆయన చూపు సూరమ్మ మణికట్టువైపు పోయింది.

ఆమె కార్డు తీసుకోలేదు. ఆయన చెయ్యి అలా చాచి ఉండగానే పక్కనుంచి వెళ్లి, సూరమ్మ ముందు మోకాళ్లమీద కూర్చుంది. వాపు అప్పుడే మణికట్టు చుట్టూ ఎక్కుతోంది. చల్లటి నీళ్లతో తడిపిన తుండుగుడ్డ తీసుకుని, దాన్ని చుడదామని రత్నం చెయ్యి చాపింది.

సూరమ్మ చటుక్కున మణికట్టు వెనక్కి తీసుకుంది.